కొమ్మ అడిగి తెచ్చుకున్న తోట

మొక్కలు పెంచాలన్న కోరిక పుట్టిన వాళ్లు ఈ రోజుల్లో మొట్టమొదట చేస్తున్న పని ఫోన్ తీసి కుండీలు, కోకోపీట్ ఇటుకలు, రంగురంగుల చిన్న పారలు, నాలుగైదు రకాల సీసా ఎరువులు ఆర్డర్ పెట్టడం. మొక్క ఇంటికి రాకముందే వేలల్లో ఖర్చయిపోతుంది. తీరా ఏప్రిల్ ఎండలకు ఆ మొక్క మాడిపోతే, తోటపని డబ్బున్నవాళ్ల సరదా అనీ, తమ చేతికి మొక్క బతకదనీ తీర్మానించుకుని, ఖాళీ కుండీలను మేడమీద ఒక మూలకు నెట్టేస్తారు. మా వీధిలోనే ఇలాంటి మేడలు కొన్ని ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు నిజంగా బాధ కలుగుతుంది. పూలమొక్కలు పెంచడంలోనూ, ఇంటిని సొంత చేతులతో చక్కదిద్దుకోవడంలోనూ ఉన్న ఆనందంలో సగానికి పైగా పొదుపు నుంచే పుడుతుందని, ఆ పొదుపును తీసేస్తే మిగిలేది మరో రకం షాపింగ్ మాత్రమేనని నేను గట్టిగా నమ్ముతాను. ఆ నమ్మకం ఎందుకు కలిగిందో వివరంగా రాయాలనిపించింది.

మన ఊళ్లలో పూలమొక్కలు ఏనాడూ కొనుక్కునే వస్తువులు కావు. ఒకరి పెరట్లో ముద్దమందారం పూస్తే ఇంకొకరు గోడ దగ్గర నిలబడి "అక్కా, వానలు పడగానే ఒక కొమ్మ ఇవ్వవా" అని అడిగేవారు. అడగడానికి మొహమాటం ఉండేది కాదు, ఇవ్వడానికి పిసినారితనం ఉండేది కాదు. మందారం, నందివర్ధనం, గన్నేరు, నాటు గులాబీ, మల్లె, సన్నజాజి, ఇవన్నీ కొమ్మతోనో అంటుతోనో ఒక ఇంటి నుంచి మరో ఇంటికి నడిచి వెళ్లిన మొక్కలే. పద్ధతి కూడా కష్టమైనది కాదు. మరీ లేతగానూ మరీ ముదురుగానూ లేని, పెన్సిలంత లావున్న కొమ్మను జానెడు పొడవున, కణుపుకు కాస్త కిందుగా ఏటవాలుగా కోసి, కింది ఆకులన్నీ తుంచేసి, ఇసుక కలిసిన తడి మట్టిలో రెండు కణుపులు మునిగేలా గుచ్చి నీడలో ఉంచితే చాలు. తొలకరి నుంచి శ్రావణం వరకు గాలిలో తేమ ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో గుచ్చిన కొమ్మలు త్వరగా వేరుపోసుకుంటాయి. మూడు నాలుగు వారాలు దాన్ని కదపకుండా, తవ్వి చూడకుండా ఉండగలగడమే ఇందులో అసలైన సాధన.

గింజల సంగతి ఇంకా అందమైనది. దసరాకు గుమ్మానికి కట్టిన బంతిపూల దండను ఎండిపోయాక చెత్తబుట్టలో వేసేవాళ్లు దయచేసి ఈ ఏడాది ఒక్క పువ్వును విప్పి చూడండి. గోధుమరంగుకు తిరిగిన తొడిమను చిటికెన వేలి గోటితో చీలిస్తే లోపల సూదుల కట్టలాగా సన్నని నల్లని గింజలు, వాటి కొసన తెల్లటి తోక కనిపిస్తాయి. అవే విత్తనాలు. మార్కెట్‌కు వచ్చే బంతుల్లో సంకరజాతులు ఎక్కువ కాబట్టి వాటి పిల్లలన్నీ తల్లిలాగే ముద్దగా పూయవు, కొన్ని ఒంటిరేకతో వస్తాయి. నాకు ఆ ఒంటిరేక బంతులంటేనే ఎక్కువ ఇష్టం, తేనెటీగలకు కూడా అవే ఇష్టం. ఇక కనకాంబరం వెన్నులోని ఎండిన కాయలకు నీటి తడి తగిలితే చాలు, చిటపటమని పేలి గింజలు చుట్టూ ఎగిరిపడతాయి. పిల్లలున్న ఇంట్లో ఒక గిన్నెడు నీళ్లతో ఈ వింత చూపించండి, అంతకు మించిన ప్రకృతి పాఠం డబ్బుపెట్టి కొన్న ఏ ఆటవస్తువులోనూ దొరకదు.

కుండీల కోసం నేను పెద్దగా ఖర్చు పెట్టింది లేదు. ఇళ్లకు రంగులు వేసేవాళ్ల దగ్గర ఇరవై లీటర్ల ఖాళీ బకెట్లు అతి తక్కువ ధరకు దొరుకుతాయి, తెలిసినవాళ్లయితే ఊరికే ఇస్తారు. నీళ్లు పోసి ఒక రాత్రి నానబెడితే లోపల ఎండిపోయిన రంగు పొరగా ఊడివస్తుంది. రంధ్రాలు అడుగున మాత్రమే కాకుండా పక్కగోడకు, నేలకు అంగుళం ఎత్తులో కూడా నాలుగు పెట్టాలి, ఎందుకంటే బకెట్ నేలకు అంటుకుపోయినప్పుడు అడుగు రంధ్రాలు మూసుకుపోయి వేర్లు కుళ్లుతాయి. వాటి మీద పగిలిన పెంకుముక్కలు, ఆపైన గుప్పెడు కొబ్బరిపీచు వేస్తే మట్టి కొట్టుకుపోదు. తడిసిన మట్టితో నిండిన అలాంటి బకెట్ బరువు పాతిక కిలోలు దాటుతుంది కాబట్టి వాటిని స్లాబు మధ్యలో గుంపుగా పెట్టకుండా గోడల మీదుగా, దూలాల మీదుగా వరసగా అమర్చుకోవాలి. ఒక్క విషయంలో మాత్రం పొదుపు పనికిరాదు. పురుగుమందులు, రసాయనాలు నిలవచేసిన డబ్బాలను ఎన్నిసార్లు కడిగినా సరే, ఇంట్లో దేనికీ వాడకండి.

అసలు నాకు కోపం తెప్పించే విషయం ఇంకొకటి ఉంది. హైదరాబాద్ వీధుల్లో కానుగ, వేప చెట్లు ఆకు రాల్చే రోజుల్లో ఆ ఆకులను కుప్పలుగా ఊడ్చి తెల్లవారకముందే నిప్పు పెడుతున్నారు. వీధంతా పొగ కమ్ముకుంటుంది, ఆస్తమా ఉన్న పెద్దవాళ్లు కిటికీలు మూసుకుని కూర్చుంటారు. ఆ నిప్పు పెట్టించినవాళ్లే సాయంత్రం నర్సరీకి వెళ్లి అదే ఆకుతో తయారైన కంపోస్టును సంచిగా కట్టి అమ్ముతుంటే డబ్బిచ్చి కొనుక్కుని వస్తారు. బంగారంలాంటి ఎరువును కాల్చి బూడిద చేసి, మళ్లీ దాన్నే కొనుక్కోవడం ఏ లెక్కన తెలివైన పని? రంధ్రాలు చేసిన పాత డ్రమ్ములో ఒక వంతు కూరగాయల తొక్కులకు రెండు వంతుల ఎండుటాకులు కలిపి, అప్పుడప్పుడు తిరగేస్తూ ఉంటే రెండు మూడు నెలల్లో నల్లగా, పొడిపొడిగా, తొలివాన మట్టివాసన వచ్చే ఎరువు తయారవుతుంది. కంపు వస్తోందంటే తడి ఎక్కువైందని అర్థం, ఇంకొన్ని ఎండుటాకులు వేస్తే సరిపోతుంది. దాంతోపాటు బియ్యం కడిగిన నీళ్లు, పాలూ చక్కెరా పోయేలా కడిగి ఆరబెట్టిన టీపొడి, దొరికితే కాస్త వేపపిండి ఉంటే చాలు, పూలమొక్కలకు మరో సీసా మందు అవసరం రాదు. ఉప్పు వేసి వార్చిన గంజి మాత్రం పోయకండి, ఉప్పు వేర్లకు చేటు చేస్తుంది. మందారానికి తెల్లగా పట్టే పిండినల్లికి కూడా ముందు నీటిధారతో గట్టిగా కడగడం, ఆ తర్వాత లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి ఆకుల అడుగున చల్లడం సరిపోతుంది. ఆ పురుగును మొక్క నుంచి మొక్కకు చీమలు కూడా మోస్తాయి కాబట్టి వాటి దారిని కూడా గమనించుకోవాలి.

మల్లె గురించి కొంచెం ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే డబ్బుతో కొనలేనిది ఏమిటో నాకు బోధపరచిన మొక్క అదే. కొత్తవాళ్లంతా మల్లెకు నీళ్లూ ఎరువూ పోసి పోసి, ఆకు గుబురుగా పెరిగిందే తప్ప మొగ్గ లేదని వాపోతుంటారు. మల్లెకు కావలసింది విశ్రాంతి. నవంబరు చివర నుంచి నీళ్లు బాగా తగ్గించి, ఆ తర్వాత డిసెంబరు, జనవరి నెలల్లో కొమ్మలను సగానికి కత్తిరించి, మిగిలిన ఆకు కూడా దూసేసి, మొక్క మొదలు చుట్టూ మట్టిని గుల్లచేసి ఎండ తగలనివ్వాలి. చూసేవాళ్లకు మొక్క చచ్చిపోయినట్టే ఉంటుంది. ఆ తర్వాత పశువుల ఎరువు వేసి మళ్లీ నీళ్లు మొదలుపెడితే, కొత్త చిగురు కొసన ఫిబ్రవరి, మార్చి నాటికి మొగ్గలు కనిపిస్తాయి. ఎండాకాలం ముదిరేకొద్దీ పూత కూడా ముదురుతుంది. పొద్దు వాలే వేళకు తెల్లగా నిగారించిన మొగ్గలను కోసి, అరటిబోదె నుంచి చీల్చి నీళ్లలో నానబెట్టిన నారతో మాల కడుతుంటే, ముడి ముడికీ చేతివేళ్లకు వాసన అంటుకుంటుంది. ఆ పని వల్ల ఎన్ని మూరలు ఆదా అయ్యాయని ఎవరైనా అడిగితే నేను లెక్క చెప్పలేను. కానీ కత్తిరించడానికి భయపడకుండా, పూయడానికి తొందరపెట్టకుండా ఉండే ఓర్పు ఆ మొక్క దగ్గర నాకు అబ్బింది.

ఇది పూలు అమ్ముకునేవాళ్ల పొట్టకొట్టే మాట అని దయచేసి ఎవరూ అనుకోవద్దు. వరలక్ష్మీవ్రతం నాడు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు నేనూ వెళతాను. మంచి రంగుల అంటుగులాబీ కావాలంటే కొనుక్కోవడమే మేలు, ఎందుకంటే సంకర గులాబీలు కొమ్మతో నాటితే బలంగా ఎదగవు. కడియం, కడియపులంక నర్సరీల రైతులు తరతరాల నేర్పుతో కట్టిన అంటుకు మనం ఇచ్చే డబ్బు న్యాయమైనది. నా అభ్యంతరమల్లా మొక్కకు ఇవ్వాల్సిన డబ్బును పింగాణీ కుండీకి, మనం ఇవ్వాల్సిన శ్రద్ధను సీసా మందుకు అప్పగించేయడం మీదే.

ఇంటి పనులు కూడా ఇదే కోవలోవి. అమ్మమ్మల కాలంలో చిరిగిన నూలు చీరలు బొంతలయ్యేవి, బొంత పాతబడితే కాలితుడుపు గుడ్డ అయ్యేది. మా ఇంట్లో అటక మీద తుప్పుపట్టి ఉన్న ఇనప ట్రంకు పెట్టెను పారేయబోతుంటే ఆపి, గరుకు కాగితంతో తుప్పు రాలేదాకా రుద్ది, రెడ్ ఆక్సైడ్ ఒక పూత, అది ఆరాక ముదురు ఆకుపచ్చ ఎనామెల్ రెండు పూతలు వేశాము. మూత మీద మా అమ్మాయి తెల్లరంగుతో మెలికల ముగ్గు వేసింది. ఇప్పుడు అది హాల్లో కూర్చునే బల్ల, లోపల శీతాకాలపు దుప్పట్లు. వచ్చినవాళ్లంతా ముందు దాని గురించే అడుగుతారు. పూర్తి డబ్బు పోసి కొన్న సోఫా గురించి ఇంతవరకు ఎవరూ అడగలేదు. నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన పని మాత్రం మేడమీది చీర పందిరి. ఏప్రిల్, మే నెలల్లో పచ్చని వల కొనే బదులు, వెదురుకర్రలు నాలుగు మూలలా పాతి పాత నూలు చీరలను పొడవునా బిగించి కట్టాము. లేతరంగు నూలుగుడ్డ ఎండను వడగట్టి కిందికి పంపుతుంది, గాలి ఆడుతుంది, కనకాంబరాలు ఆకు వాడకుండా నిలుస్తాయి. మొదటి గాలివానకు అది చిరిగిపోతుంది, కానీ అప్పటికి దాని అవసరం కూడా తీరిపోతుంది.

ఇదంతా చేయడానికి సమయం ఎక్కడుంది, ఆ సమయంలో ఇంకో పని చేస్తే ఎక్కువ సంపాదించుకోవచ్చు కదా అని నన్ను చాలామంది అడుగుతారు. ప్రతి గంటకూ ధర కట్టుకునే అలవాటు మనకు ఎప్పటి నుంచి వచ్చిందో తెలియదు గానీ, ఆ లెక్క ప్రకారం అన్నం వండుకోవడం, పిల్లలకు తల దువ్వడం కూడా నష్టమే. ఫోన్ తెర మీద వేలు జరుపుతూ గడిపే సమయానికి మాత్రం ఎవరూ ఈ లెక్క కట్టరు. అయితే ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది, దాన్ని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ఇంటి పొదుపు అనగానే ఆ భారమంతా ఆడవాళ్ల మీదే పడుతోంది. ఎరువు తిరగేయడం, బకెట్లు మేడెక్కించడం, పందిరి కట్టడం ఇల్లాలి ఒక్కదాని పనైతే అందులో ఆనందం ఉండదు, అది మరో చాకిరీ అవుతుంది. మగవాళ్లు, పిల్లలు మట్టిలో చేతులు పెట్టని ఇంట్లో తోట పెట్టమని నేను ఏ అమ్మకూ సలహా ఇవ్వను.

పొదుపు అంటే లేమికి గుర్తు అని సిగ్గుపడటం కూడా మానుకోవాలి. బతుకమ్మను చూడండి. తంగేడు, గునుగు, కట్లపూలు, ఇవన్నీ చేలగట్ల మీద, బీళ్లలో ఎవరూ నాటకుండా పెరిగినవే. అంత పెద్ద పండుగను మన ఆడబిడ్డలు దారిపక్క పూలతో నిలబెట్టారు. నగరంలో ఇప్పుడు ఆ బీళ్లన్నీ అపార్ట్‌మెంట్లయ్యాయి, గునుగు కట్టలుగా మార్కెట్‌లో అమ్ముడవుతోంది. అందుకే నేను ఎండిన గునుగు వెన్నుల నుంచి ఆవగింజ కంటే చిన్నగా, నల్లగా మెరిసే గింజలను దులిపి దాచుకుని తొలకరిలో రెండు వెడల్పు తొట్లలో చల్లుతాను. పెద్దగా పట్టించుకోకపోయినా బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస నాటికి తెల్లని వెన్నులు తీస్తుంది. బతుకమ్మ మొత్తానికి ఆ పూలు చాలకపోయినా, మొదటి వరస మాత్రం మా మేడమీదిదే ఉంటుంది.

చామంతికి కూడా సమయం తొలకరే. నిరుడు పూసి కత్తిరించిన మొక్కల చుట్టూ పిలకలు వచ్చి ఉంటాయి, వాటిని వేర్లతో సహా విడదీసి అప్పుడు నాటుకుని, నెల తర్వాత కొసలు తుంచితే పక్కకొమ్మలు వేసి కార్తీకానికి గుబురుగా పూస్తాయి. రాత్రి పొడవు పెరిగితేనే చామంతి మొగ్గ తొడుగుతుంది కాబట్టి వీధిదీపం వెలుగు పడే చోట మాత్రం పెట్టకండి, అక్కడ పూత ఆలస్యమవుతుంది. మా దగ్గర పసుపు చామంతి పిలకలు, నాటు గులాబీ కొమ్మలు, గునుగు గింజలు కావలసినన్ని ఉన్నాయి. దగ్గరలో ఉన్నవాళ్లు ఒక పాత డబ్బా తెచ్చుకుంటే మట్టితో సహా ఇస్తాను. పసుపుపచ్చ కనకాంబరం గింజలు ఎవరి దగ్గరైనా ఉంటే నాకు ఒక చిటికెడు పంపండి, అది చాలా కాలంగా వెతుకుతున్న రంగు.