పులుపుంటే మార్కులు కోసేస్తారా?
ఒక బీరు రివ్యూలో పుల్లగా ఉందని కాంటియాన్ బ్రూవరీ వాళ్ల గూజ్ అనే బెల్జియం బీరుకి ఐదుకి రెండు మార్కులే వేశారు, ఇదేం లెక్కో నాకైతే అర్థం కాలేదు. 1900 నుంచీ బ్రస్సెల్స్‌లో ఒకే కుటుంబం చేతిలో ఉన్న బ్రూవరీ అది, ఈస్ట్ విడిగా కలపరు, మరిగించిన ద్రవాన్ని వెడల్పాటి రాగి తొట్టిలో రాత్రంతా చల్లారబెడితే గాలిలోని సూక్ష్మజీవులే పులియబెడతాయి, అందుకే చలి నెలల్లోనే కాస్తారు. ఆ తర్వాత చెక్క పీపాల్లో ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు ఊరినవి కలిపి సీసాలకెత్తుతారు. పులుపు లేకపోతేనే తప్పు! మొదటి గుక్కకి నాకూ దవడలు లాగేశాయి, కానీ గ్లాసు సగానికొచ్చేసరికి నిమ్మతొక్క వాసన, పాత చెక్క వాసన విడివిడిగా తెలిశాయి. ఫ్రిజ్‌లోంచి తీసి గడగడా తాగేసే మామూలు లాగర్ బీరుతో పోల్చి రేటింగ్ ఇస్తే ఎలా? క్రీక్ అనే చెర్రీ బీరుకి మాత్రం నాలుగిచ్చారు, అందులో ఉన్నదీ ఇలా గాలిలోని సూక్ష్మజీవులతో పులిసిన ఆ లాంబిక్ బీరే కదా, చెర్రీలు వేశారంతే.