సవరణ: సైన్యాల పొగ లెక్క

విశాఖ బీచ్ రోడ్డులో ప్రదర్శనకు ఉంచిన కురుసుర జలాంతర్గామి మీద నిన్న పెట్టిన పోస్టులో, వాతావరణ మార్పు గురించి రాస్తూ ‘పారిస్ ఒప్పందం సైన్యాలకు మినహాయింపు ఇచ్చింది’ అన్న వాక్యాన్ని ఇలా సరిచేసి చదువుకోగలరు. పొగ లెక్క చెప్పడంలో సైన్యాలకు మినహాయింపు వచ్చింది 1997 నాటి క్యోటో వాతావరణ ఒప్పందంలో, అమెరికా పట్టుబట్టడంతో. అంతర్జాతీయ ప్రయాణాల్లో ఓడలు, విమానాలు తాగే ఇంధనం, ఐక్యరాజ్య సమితి చార్టర్ కింద పలు దేశాలు కలిసి చేసే సైనిక చర్యల పొగ ఏ దేశం ఖాతాలోనూ కలపలేదు. 2015 పారిస్ ఒప్పందంలో సైన్యాలకంటూ మినహాయింపు రాయలేదు. కానీ వాటి లెక్క విడిగా చెప్పడం ఆయా దేశాల ఇష్టానికే వదిలేశారు. అడగకుండా ఎవరు చెబుతారు లెండి!

ఇంకోటి, కురుసుర అణుశక్తితో నడిచింది కాదు. లోపల ఇరుకు దారిలో తల వంచుకుని వెళ్తే కనిపించేవి డీజిల్ ఇంజన్లు. బ్యాటరీలు చార్జ్ చేసింది అవే, 1969 నుంచి 2001 దాకా.