ఇన్సులిన్ పెట్టెలోని సూచనపత్రం గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సూచనపత్రం గారికి,

హైదరాబాదు, మెహదీపట్నం నుండి నమస్కరించి వ్రాయునది ఏమనగా, చేతుల మీది గోళ్ల గాట్లు మినహా ఇక్కడ అందరమూ క్షేమం. తమరు అట్టపెట్టెలో మడతలు చెదరకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాము.

తమరిని భూతద్దం పెట్టి ఆసాంతం చదివాము. తమరి వాక్యాలన్నింటిలోనూ కర్త రోగియే: రోగి చేతులు కడుక్కుంటాడు, రోగి పొట్ట, తొడ, భుజాలలో ఒక చోటు ఎంచుకుంటాడు, రోజుకొకసారి ఒకే సమయానికి తానే సూది వేసుకుంటాడు. మా రోగి పేరు బుజ్జిగాడు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ జరిగి, ఇల్లు కదలకుండా తిని, బరువెక్కిన మగ పిల్లి. అంటే పిల్లుల్లో షుగర్ జబ్బు ఎక్కువగా వచ్చే కోవకు చెందినవాడు. చేతులు కడుక్కునే విషయంలో తమరి ఆదేశాన్ని రోజంతా నాలుకతో పాటిస్తూనే ఉన్నాడు. పొట్ట మాత్రం చూపిస్తాడే గాని ముట్టుకోనివ్వడు. ముట్టుకుంటే నాలుగు కాళ్లూ ఒక్కసారిగా మూసుకుంటాయి. పైగా పిల్లి ఒంట్లో ఇన్సులిన్ త్వరగా ఖర్చవుతుంది కనుక, పన్నెండు గంటలకొకసారి చొప్పున రోజుకు రెండుసార్లు వేయాలని పశువైద్యురాలు చెప్పారు. మెడ వెనుక చర్మానికి రక్తప్రసరణ తక్కువ గనుక పక్కటెముకల వైపు వేయమన్నారు. ఆ చోటు తమరి పటంలో లేదు.

పిల్లికి షుగర్ అనగానే పై వాటా మామయ్యగారు, "జిలేబీలు పెట్టారా?" అని అడిగి, కాకరరసం పట్టమన్నారు. పిల్లికి తీపి రుచే తెలియదని, ఆ రుచిని గుర్తించే జన్యువు దానిలో పనిచేయదని 2005లోనే తేలింది. జిలేబీ సుఖం ఎరుగని జీవికి జిలేబీ శిక్ష పడడం అన్యాయమే. అయితే మన ఇళ్లలో ముద్దుగా పెట్టే పెరుగన్నమూ, పిండిపదార్థం దండిగా ఉన్న పొడి మేతా ఈ మాంసాహారికి కలిసిరావు. మేత మారిస్తే ఇన్సులిన్ మోతాదూ మారవలసి రావచ్చు గనుక, ఆ మార్పు కూడా డాక్టరుకు చెప్పే చేయాలి.

ఇక అసలు ఫిర్యాదు. రోగి ఒప్పుకోకపోతే ఏమి చేయాలో తమరిలో ఒక్క ముక్క లేదు. తువ్వాలులో చుట్టి ముగ్గురం పట్టుకోవచ్చు, నిజమే. కాని భయపడిన పిల్లి రక్తంలో చక్కెర ఆ భయానికే పైకి ఎగబాకుతుంది. బుట్టలో పెట్టి, పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే కింద ప్రతి పిల్లరుకూ ఒక అరుపు చొప్పున అరిపించుకుంటూ ఆసుపత్రికి తీసుకువెళితే, అక్కడ కనిపించే అంకెలో జబ్బు ఎంతో, కోపం ఎంతో విడదీయడం కష్టం. ఆ అంకెను నమ్మి మోతాదు పెంచితే, ఇంట్లో ప్రశాంతంగా ఉన్నప్పుడు చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అందుకే గడిచిన ఒకటి రెండు వారాల చక్కెర సగటును చెప్పే ఫ్రక్టోసమైన్ పరీక్షను, ఇంట్లోనే చెవి అంచున తీసే రక్తపు చుక్కను డాక్టర్లు అడుగుతారు. బలప్రయోగం ఇక్కడ మర్యాదకే కాదు, వైద్యానికీ భంగమే.

కనుక మేమే మారాము. సూది లేనప్పుడు కూడా వాడి పక్కన కూర్చుని ఆ చర్మాన్నే పట్టి వదులుతూ ఉంటాము. మూతి గిన్నెలో ఉండగా వేసేస్తాము. మందు బొచ్చు మీద కారిపోయిందని అనుమానం వచ్చినా రెండోసారి వేయము, ఎందుకంటే ఒక పూట తప్పడం కంటే రెండింతలు పడడమే ముప్పు. చక్కెర పడిపోయి తూలుతూ నడిస్తే చిగుళ్లకు తేనె రాసి, ఆసుపత్రికి పరుగెత్తాలని ఇంటిల్లిపాదికీ తెలుసు.

అమెరికాలో 2022 డిసెంబరులో పిల్లుల షుగరుకు ఒక మాత్రను అనుమతించారు. పిల్లికి సూది వేయడం కంటే మాత్ర మింగించడం సులువని నమ్మే ఆశావాదులు ఇంకా ఉన్నారన్నమాట. అది ఇన్సులిన్ మొదలుపెట్టని పిల్లులకే గనుక మాకు ఆ భాగ్యమూ లేదు.

మరుముద్రణలో ఒక్క హెచ్చరిక పెద్ద అక్షరాలలో వేయించగలరు. మన మందుల దుకాణాల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్ల మందున్న సీసాకు ఎర్ర మూత సిరంజీ, 100 యూనిట్ల సీసాకు నారింజ మూత సిరంజీ ఉంటాయి. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజీతో తీస్తే మోతాదు రెండున్నర రెట్లవుతుంది. ఒకటి రెండు యూనిట్లతో మొదలయ్యే ప్రాణికి అది చిన్న తేడా కాదు.

చక్కెర తొందరగా అదుపులోకి వస్తే కొన్ని పిల్లులకు ఇన్సులిన్ అవసరమే తప్పిపోతుందని డాక్టరు ఆశపెట్టారు. బుజ్జిగాడికి ఆ యోగం పడితే తమరి మడతలన్నీ విప్పి వాడి ఇసుక ట్రే కింద పరుస్తాము. కొలిచి చూశాము, సరిగ్గా సరిపోతారు.

ఇట్లు,
రోగి తరఫున, రోగి అనుమతి లేకుండా,
ఇంటివారు