జాతివివక్ష పాఠం కేసు ఫైలు దగ్గర మొదలవ్వాలి

అమెరికాలో సోషల్ వర్క్ కోర్సులకు గుర్తింపునిచ్చే మండలి 2022 ప్రమాణాల్లో జాతివివక్షను ఎదుర్కోవడాన్ని విద్యార్థి సాధించాల్సిన సామర్థ్యాల్లో చేర్చింది. విశ్వవిద్యాలయాలకు ఇందులో సులువైన దారి ఒకటుంది: ఒక పేపరు పెట్టి, ఎవరి మనసులో ఏ పక్షపాతం ఉందో తరగతిలో చర్చించడం. దానివల్ల విద్యార్థి మాట తీరు మారవచ్చు. పని తీరు మారుతుందని నాకు నమ్మకం లేదు.

ఈ వృత్తిలో వివక్ష దూషణగా కన్నా నివేదికగానే ఎక్కువ హాని చేసింది. 1970ల నాటికి నేటివ్ అమెరికన్ పిల్లల్లో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా సొంత కుటుంబాలకు దూరమయ్యారని సర్వేలు తేల్చాయి. దెబ్బలు తిన్నారని సోషల్ వర్కర్లు ఇళ్ల నుంచి తీసుకెళ్లిన పిల్లలు తక్కువ; ఎక్కువ ఫైళ్లలో రాసిన కారణం ‘నిర్లక్ష్యం’ వంటిదే. బిడ్డను బంధువుల దగ్గర ఉంచడం ఆ సమాజాల్లో పెంపకంలో భాగం. చాలామంది సోషల్ వర్కర్లు దాన్ని నిర్లక్ష్యంగా లెక్కగట్టారని 1978లో నేటివ్ అమెరికన్ పిల్లల కోసం ఇండియన్ చైల్డ్ వెల్ఫేర్ చట్టం తెచ్చినప్పుడు అమెరికా కాంగ్రెస్ నివేదికే చెప్పింది. వాళ్లు మేలు చేస్తున్నామనే అనుకుని ఉంటారు. చిక్కంతా అక్కడే.

దీనికి తిరగేసిన తప్పూ ఉంది. లండన్‌లో 2000లో చిత్రహింసలకు చనిపోయిన చిన్నారి విక్టోరియా క్లింబియే, తనను పెంచుతున్నవారి ముందు బిగుసుకుపోయి నిలబడేది. దాన్ని ఆఫ్రో-కరీబియన్ కుటుంబాల్లో పెద్దలకిచ్చే గౌరవంగా ఒక సోషల్ వర్కర్ భావించినట్లు ఆ మరణంపై జరిగిన లామింగ్ విచారణ 2003 నాటి నివేదికలో ఉంది. ఆ పాప వచ్చింది కరీబియన్ దీవుల నుంచి కాదు, పశ్చిమాఫ్రికాలోని ఐవరీ కోస్ట్ నుంచి! ‘సంస్కృతిని గౌరవించాలి’ అని మాత్రమే నేర్పితే ఇలాంటివి ఆగవు.

అందుకే విద్యార్థి చేతికి ఫైలు ఇవ్వాలి. ‘తల్లి సహకరించడం లేదు’ అని రాశావు. నువ్వు కళ్లతో చూసింది ఏమిటి? ఆమె అపాయింట్‌మెంటుకు రాలేదా, పనిలో సెలవు దొరకలేదా? వంటింట్లో తిండి సామాన్ల అర ఖాళీగా ఉంటే అది నిర్లక్ష్యమా, పేదరికమా? ఈ ప్రశ్నలు వారం వారం అడగాలి.

అడగాల్సింది క్షేత్ర శిక్షణలోని పర్యవేక్షకులు. అమెరికాలో మాస్టర్స్ విద్యార్థి కనీసం 900 గంటలు వాళ్ల దగ్గరే గడుపుతాడు. కానీ పర్యవేక్షకుడు రాసిన వాక్యాన్నే విద్యార్థి తప్పుపట్టాల్సి వస్తే? మార్కుల మీద మాట చెల్లేది ఆ పర్యవేక్షకుడిదే. ఆ అభ్యంతరాన్ని వినడానికి విశ్వవిద్యాలయంలో వేరే మనిషి ఉండాలి, మూల్యాంకనం కూడా ఒక్కరి చేతిలో ఉండకూడదు. కొత్త పేపరు పెట్టడం కన్నా ఇది ఖర్చుతో కూడిన పని.