స్కాన్ చేసిన పారదర్శకత

విశ్వవిద్యాలయాలు లెక్కలు దాస్తాయని గిట్టనివాళ్లు ఆడిపోసుకుంటారు. ఎంత అన్యాయం! బడ్జెట్ పుస్తకం అచ్చు వేయించి, పేజీ పేజీకీ సంతకం పెట్టించి, స్కాన్ చేసి మరీ అందరి ముందూ పెడుతున్నారు. అందులో ఒక్క అంకెనూ వెతకలేం, కాపీ చేయలేం అంటే అది కళ్లున్నవాళ్ల సమస్య కాదు. వంకర పేజీని ఓసీఆర్‌కి (బొమ్మలోని అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్‌కి) ఇస్తే 8 కాస్తా 3 అవుతుంది. పొదుపే కదా.

ఎక్సెల్ కావాలంటే అదీ ఇస్తారు. శీర్షికల్లో మూడేసి గళ్లు కలిపేసి, ప్రతి అంకె వెనక ఓ ఖాళీ వదిలి. మన కంటికవి అంకెలే, ఎక్సెల్‌కి మాత్రం అక్షరాలు. అడుగున సమ్ కొడితే సున్నా. పైసా ఖర్చు లేకుండా నడిచే విద్యాసంస్థ!

పోల్చి చూసే దుర్బుద్ధి గలవాళ్లకూ ఏర్పాట్లున్నాయి. నిరుటి పట్టిక వేలల్లో, ఈ ఏటిది లక్షల్లో. నిరుడు 114 కోడున్న శాఖ ఇప్పుడు చీలి 207, 208 అయింది. ఏ పాత కోడ్ ఎందులో కలిసిందో చెప్పే పట్టిక ఒక్క పేజీ చాలు. అది ఉన్నది సూపరింటెండెంటు గారి బుర్రలో. ఆయన వచ్చే నెల రిటైరవుతున్నారు.

బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు పక్కపక్కనే వేస్తే ఏ పద్దులో ఏటా అడిగి ఏటా మిగులుస్తున్నారో ఇట్టే దొరికిపోతుంది. అందుకే వాస్తవాలు వేరే పుస్తకంలో, అదీ తీరిగ్గా వస్తాయి. ఈలోగా నిరుటి అంచనాకు పది శాతం కలిపేస్తే ప్రణాళిక సిద్ధం. పరికరానికే ఖర్చు పెట్టాల్సిన పరిశోధన గ్రాంటు కూడా ముగింపు నిల్వలోనే, అంటే ఏడాది చివర మిగిలిన సొమ్ములోనే, కలిసి కనిపిస్తుంది కనుక, కరెంటు బిల్లు దగ్గరకొచ్చేదాకా అందరూ ధనవంతులే.

అసలు కళ గదుల లెక్కలో ఉంది. 60 సీట్ల గది వారానికి 40 గంటలు అందుబాటులో ఉండి, 30 గంటలు బుక్ అయిందనుకోండి: 75 శాతం. కూర్చున్నది సగటున 20 మంది, అంటే మూడో వంతు. రెండూ గుణిస్తే అసలు వినియోగం 25 శాతమే. కొత్త భవనం ఫైలులోకి ఎక్కేది మాత్రం 75. టైంటేబుల్ ఒక ఆఫీసులో, హాజరు మరో ఆఫీసులో, సీట్ల సంఖ్య భవనాలు చూసే ఎస్టేట్ విభాగంలో. మూడూ కలపబోతే అదే గది ఒకచోట ‘బి-12’, ఇంకోచోట ‘బి 012’, మరోచోట ‘పాత సెమినార్ హాల్’. జాబితాలో ఒక గది మూడు గదులైంది. అయినా గదులు చాలడం లేదట.