పరుపు పరమార్థం

మే నెల చివరి సోమవారం అమెరికాలో మెమోరియల్ డే. యుద్ధాల్లో పోయిన సైనికుల్ని తలుచుకునే రోజు. లాంగ్ వీకెండ్ అని సంబరపడటమే తప్ప ఆ సెలవు ఎందుకిచ్చారో మనవాళ్ళు పట్టించుకోవడం లేదని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు వాట్సాప్‌లో వాపోతుంటారు. ఈ నిందను తీవ్రంగా ఖండిస్తున్నాను. పదిహేనేళ్ళుగా టెక్సాస్‌లో ఉంటున్నవాణ్ణి. మూడు పరుపులు, ఒక ఫ్రిజ్, మాంసం కాల్చుకునే గ్రిల్స్ రెండు కొని మరీ ఈ రోజు అంతరార్థం తెలుసుకున్నవాణ్ణి.

ముందు పరుపు సంగతి. ఈ సెలవు దగ్గర పడగానే పరుపుల షాపుల ముందు జెండా రంగుల సేల్ బ్యానర్లు లేస్తాయి. అమరవీరుడికీ కింగ్ సైజ్ పరుపుకీ ఏం సంబంధమని మొదట్లో నేనూ తల గోక్కున్నాను. చివరికి మా బాబాయి పంపిన ఫార్వర్డే కళ్ళు తెరిపించింది. ‘సరిహద్దులో సైనికుడు మేలుకుని ఉన్నాడు కాబట్టే మనం హాయిగా నిద్రపోతున్నాం.’ అంతే కదా! ఆయన త్యాగానికి ఫలం మన నిద్రే అయినప్పుడు, ఆ నిద్ర స్ప్రింగులు గుచ్చుకునే పాత పరుపు మీద పోవడం ఎంత అపచారం? అసలు మెమోరియల్ డే నాడు అమ్మేదానికి మెమరీ ఫోమ్ అని ఊరికే పేరు పెట్టారా?

ఇక శుభాకాంక్షలు. ‘హ్యాపీ మెమోరియల్ డే’ అని ఆఫీసులో అందరికీ మెయిల్ పెట్టేది నేనే. తద్దినం పెట్టుకుంటున్న ఇంటికి వెళ్ళి ‘హ్యాపీ తద్దినం అండీ’ అంటే మన ఊళ్ళో వీపు విమానం మోత మోగుతుంది. ఇక్కడ మాత్రం ‘యూ టూ’ అంటారు. ఒక్క మా వీధి చివరింటి పెద్దాయన దగ్గరే కాస్త తేడా కొట్టింది. ఆయన వియత్నాం యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. పోయినేడు గేటు దగ్గర ఆపి, ‘మీ సేవకు ధన్యవాదాలు’ అన్నాను. ‘నా రోజు నవంబర్‌లో ఉంది, నేనింకా పోలేదు’ అన్నాడు.

ఆ నవంబర్ రోజు వెటరన్స్ డే. దానికీ మెమోరియల్ డేకీ కలిపి ఓ కథ ఉంది. ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అమెరికా అంతర్యుద్ధంలో ఆరు లక్షల మందికి పైగా సైనికులు చనిపోయాక, 1868లో జనరల్ జాన్ లోగన్ అనే ఆయన మే 30న ఉత్తరాది సైనికుల సమాధుల మీద పూలు పెట్టమని పిలుపిచ్చాడు. అప్పట్లో దాన్ని డెకరేషన్ డే అనేవారు. వందేళ్ళు ఆ తేదీ అలాగే నడిచింది. మనం తద్దినానికి తిథి చూస్తాం, అమెరికా చట్టసభ సోమవారం చూసింది. 1968లో చట్టం చేసి, 1971 నుంచి కొన్ని సెలవుల్ని సోమవారానికి జరిపేసింది. వరసగా మూడు రోజులు కలిసొస్తాయి కదా! బతికున్న మాజీ సైనికుల కోసం ఉన్న నవంబర్ 11ని కూడా అక్టోబర్‌లో ఓ సోమవారానికి తోశారు. జనం ఒప్పుకోలేదు, గొడవ చేశారు. 1978కల్లా అది మళ్ళీ నవంబర్ 11కి వచ్చేసింది. మే 30 మాత్రం రాలేదు. బతికున్నవాళ్ళకు సంఘాలున్నాయి, ఓట్లున్నాయి. పోయినవాళ్ళదేముంది, ఎక్కడికి జరిపినా సర్దుకుపోతారు.

హవాయి సెనేటర్ డేనియల్ ఇనోయె మాత్రం ఈ సౌకర్యాన్ని అర్థం చేసుకోలేకపోయాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలో కుడి చెయ్యి పోగొట్టుకున్న మనిషి. మే 30ని తిరిగి ఇచ్చేయండని 1980ల చివరి నుంచీ బిల్లు పెడుతూనే ఉన్నాడు. 2012లో ఆయన పోయాడు గానీ బిల్లు గట్టెక్కలేదు. పరుపుల సేల్‌కి వారం మధ్యలో గిరాకీ ఉండదన్న సంగతి పాపం ఆయనకెవరూ చెప్పినట్టు లేరు.

ఈ రోజు తమ ఊళ్ళోనే పుట్టిందని చాలా ఊళ్ళు పోట్లాడుకుంటాయి. 1966లో అధ్యక్షుడు జాన్సన్ న్యూయార్క్ రాష్ట్రంలోని వాటర్లూకి ఆ గౌరవం ఇచ్చాడు. కారణాల్లో ఒకటేమిటంటే, 1866లో ఆ రోజు ఊరంతా దుకాణాలు మూసేశారట. దుకాణాలు! ఇప్పుడైతే ఆ ఒక్క తప్పుకే పోటీలోంచి తీసేసేవారు.

అంతకంటే ముందు, 1865 మే 1న, సౌత్ కరోలినా రాష్ట్రంలోని చార్ల్‌స్టన్‌లో జరిగింది చెప్పాలి. అక్కడి గుర్రప్పందేల మైదానాన్ని యుద్ధకాలంలో ఖైదీల శిబిరం చేశారు. అందులో చనిపోయిన ఉత్తరాది సైనికుల్ని ఓ మూల కలిపి పూడ్చేశారు. యుద్ధం ముగియగానే, అప్పుడే బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్ళు వచ్చి, 257 శవాల్ని తవ్వి తీసి, ఒక్కొక్కరికీ విడిగా గొయ్యి తీసి మళ్ళీ పూడ్చారు. చుట్టూ కంచె కట్టి సున్నం వేశారు. ఆ మే 1న దాదాపు పదివేల మంది ఊరేగింపుగా వచ్చారు. ముందు వరసలో బడిపిల్లలు, చేతుల్లో పూలు. నాకు నచ్చిన వివరం ఒకటుంది. అదంతా అయ్యాక వాళ్ళు అక్కడే పచ్చిక మీద పిక్నిక్ చేసుకున్నారు. చూశారా, మన పిక్నిక్‌కి శాస్త్రప్రమాణం ఉంది. తవ్వడం, మోయడం, సున్నం వేయడం లాంటి మొదటి భాగాన్ని కాస్త క్లుప్తం చేశామంతే.

జెండా విషయంలోనూ ఇదే సర్దుబాటు. మెమోరియల్ డే నాడు మధ్యాహ్నం పన్నెండు దాకా జెండా సగం ఎత్తులో ఉంటుంది. ఆ తర్వాత పైకి లాగేస్తారు. మా పార్కులో గ్రిల్ బుకింగ్ కూడా సరిగ్గా పన్నెండు నుంచే.

ఇంకో చట్టం కూడా ఉంది. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి దేశమంతా ఒక్క నిమిషం మౌనంగా ఉండాలని 2000లో చేశారు. తప్పితే జరిమానా లేదు కాబట్టి ఎవరికీ తెలియదు. పోయినేడు నేను మాత్రం ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను. పార్కులో తలో వంటకం తెచ్చుకునే మా పాట్‌లక్, నలభై మందిమి. ఓ పక్క తందూరీ చికెన్, ఓ పక్క పులిహోర, పిల్లల అరుపులు, స్పీకర్‌లో మాస్ పాట. మూడైంది. వెళ్ళి పాట ఆపేశాను. ‘ఒక్క నిమిషం అందరూ లేచి నిలబడండి’ అన్నాను. అందరూ లేచారు. చేతిలో ప్లేట్లతో, తల వంచుకుని.

ఇరవై సెకన్లు గడిచాయో లేదో, గ్రిల్ దగ్గరున్న కుర్రాడు పటకారు పక్కన పెట్టి మెల్లగా నా దగ్గరికొచ్చాడు. మొహంలో నిజంగానే కంగారు.

‘ఏమైందన్నా? ఎవరైనా పోయారా?’

‘లేదు తమ్ముడూ. అటు చూడు, ముక్క మాడిపోతోంది.’