కొండెక్కి సముద్రం చూడటం అనే ఆర్థిక నేరం

సముద్రాన్ని చూడాలంటే డబ్బు కట్టాలి అనేది నాగరిక ప్రపంచం ఎప్పుడో ఒప్పేసుకున్న విషయం, దీని మీద మళ్ళీ కొత్తగా చర్చ అక్కర్లేదు. వైజాగ్ బీచ్ రోడ్డులో ఫ్లాట్ కొన్న ఎవరినైనా అడగండి, సీ ఫేసింగ్ అనే రెండు ముక్కలకి చదరపు అడుగుకి ఎంత ఎక్స్‌ట్రా పోశాడో కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ చెప్తాడు. స్పెయిన్‌లోనూ అదే రూలు. అలికాంతె ప్రావిన్స్ తీరాన్ని కోస్టా బ్లాంకా అంటారు, అక్కడ హోటల్లో అదే మంచం, అదే బాత్రూమ్, అదే సబ్బుబిళ్ళ, కానీ కిటికీ పార్కింగ్ వైపుంటే ఒక రేటు, సముద్రం వైపుంటే ఇంకో రేటు. న్యాయమే కదా, అంత నీలం రంగు ఊరికే ఎందుకిస్తారు.

ఇంత చక్కటి వ్యవస్థ నడుస్తుంటే, సరిగ్గా ఆ హోటళ్ళ వెనకాలే, పట్టపగలు, కొంతమంది చేతికర్రలు పట్టుకుని కొండలెక్కేసి, హోటల్ వాడు కిటికీ సైజులో అమ్ముకుంటున్న సముద్రాన్నే మొత్తంగా, హోల్‌సేల్‌గా, రూపాయి కట్టకుండా చూసేసి దిగిపోతున్నారు. దీన్ని హైకింగ్ అంటున్నారు. నేనైతే ఎగవేత అంటాను.

పుచ్ కంపానా అనే కొండ సంగతే చూడండి. ఎత్తు 1,406 మీటర్లు, ఆ ప్రావిన్స్‌లో ఐతానా కొండ తర్వాత ఇదే పెద్దది, సముద్రం నుంచి మహా అయితే పది కిలోమీటర్లు. దాని కాళ్ళ దగ్గరే బెనిడోర్మ్, అంటే సీ వ్యూ అనే సరుకుని నిలువుగా పేర్చి అమ్మటంలో యూరప్‌కే గురువులాంటి ఊరు. ఒకప్పుడు చేపలు పట్టుకునే పల్లె అది, ట్యూనా వేటలో అక్కడి వాళ్ళకి మంచి పేరుండేది. 1956లో టౌన్ ప్లాన్ వేసుకున్నారు, ఆ తర్వాత ఊరు పక్కకి పెరగటం కన్నా పైకి పెరగటమే లాభం అని కనిపెట్టేసి కట్టుకుంటూ పోయారు. ఇప్పుడక్కడ గ్రాన్ హోటల్ బాలీ ఒక్కటే 186 మీటర్లు. ఎంత సిమెంటు, ఎన్ని లిఫ్టులు, ఎన్ని అప్పులు ఉంటే వచ్చే ఎత్తండీ అది! పుచ్ కంపానా మీద నిలబడ్డ మనిషి ఏంటంటే, అలాంటి బాలీలు ఏడున్నర ఒకదాని మీద ఒకటి పెడితే వచ్చే అంతస్తులో నిలబడ్డట్టు లెక్క. ఆ అంతస్తులో రూమ్ రెంటు ఎంతుండాలో మీరే వేసుకోండి. వాడు కట్టింది సున్నా, పైగా తెచ్చుకున్న శాండ్‌విచ్ తింటూ కింద ఆ టవర్లని చూసి "ఛ, తీరమంతా పాడు చేసేశారు" అని కామెంటు కూడా చేస్తాడు.

వాళ్ళు కష్టపడి ఎక్కుతున్నారు కదండీ, అదే ఫీజు అనుకోవచ్చుగా అని కొందరు మెత్తటి మనసున్నవాళ్ళు వాదిస్తారు. కష్టం నిజమే, నేను కాదనను. ఫినెస్త్రాత్ ఊరి పైన ఫోంత్ దెల్ మొలీ అనే ఊట దగ్గర సీసాలు నింపుకుని బయల్దేరతారు, అక్కణ్ణుంచి వెయ్యి మీటర్లకి పైగా ఎక్కుడు, దారంతా సున్నపురాయి, రోజ్‌మేరీ పొదలు, నీడ అనేది ఎక్కడో దయతలిస్తే ఉంటుంది, ఒక వైపునైతే కొండ మొత్తం గులకరాళ్ళ వాలు, రెండడుగులు వేస్తే ఒకడుగు కిందకి జారతారు. కానీ చెమటని ఏ బ్యాంకులో డిపాజిట్ చేస్తాం? పోనీ మొక్కు ఉందనుకుంటే అర్థం చేసుకోవచ్చు, పైన దేవుడు లేడు, లడ్డూ లేదు, కనీసం టీ కొట్టు కూడా లేదు. ఉన్నదల్లా వ్యూ. అదే కదా ఇక్కడ సరుకు.

పైగా ఎక్కేవాళ్ళెవరో చూశారా? ఎండాకాలం అక్కడ కొండ పెనంలా కాలిపోతుంది కాబట్టి అసలు సీజన్ అక్టోబర్ నుంచి మే దాకా, ఆ టైంలో ఎక్కేది ఎక్కువగా రిటైరైపోయి ఆ తీరంలో సెటిలైన బ్రిటిష్, డచ్, జర్మన్ పెద్దాళ్ళు. డెబ్బై దాటిన మామ్మగారు రెండు కర్రలు టకటకలాడించుకుంటూ స్పానిష్‌లో "ఓలా" అని పలకరించేసి దాటి వెళ్ళిపోతుంది. వెనక జర్మనీలో ఎమ్మెస్ చేస్తూ చవక ఫ్లైట్ దొరికిందని అలికాంతెలో దిగిన మన కుర్రాళ్ళు తెల్ల స్నీకర్లతో రాయి మీద కూలబడి ఉంటారు. "ఇంకెంత దూరం రా మామా" అంటాడు ఒకడు. "వచ్చేశాం బావా, ఆ మలుపు తిరగటమే" అంటాడు రెండోవాడు, ఆ మలుపు అప్పటికి నాలుగోది. వీళ్ళ మీద నాకు కేసు పెట్టాలని లేదు, వ్యూ దాకా చేరితే కదా.

ఈ అక్రమాలకి ఆ కొండ మీద పెద్ద చరిత్రే ఉంది లెండి. శిఖరం పక్కనే కత్తితో కోసినట్టు చతురస్రంగా ఒక గాటు కనిపిస్తుంది, రోల్డాన్ అనే భీమకాయుడు చేశాడని స్థానికుల కథ. వాడు ప్రేమించిన అమ్మాయి ప్రాణం ఆ రోజు చివరి సూర్యకిరణంతో పోతుందని ఎవరో చెప్తే, సూర్యుడు కొండ చాటుకి పోకుండా ఇంకాసేపు వెలుగు రావాలని కొండలో ఒక ముక్క ఎగరగొట్టాడట, ఆ ముక్క పోయి సముద్రంలో పడి బెనిడోర్మ్ దీవి అయ్యిందట. జనం దీన్ని ప్రేమకథ అని చెప్పుకుని కళ్ళు ఒత్తుకుంటారు. నాకు మాత్రం పర్మిషన్ లేకుండా కొండ తవ్వకం, తీరప్రాంతంలో మట్టి డంపింగ్, వేల మంది హోటల్ గెస్టుల సీ వ్యూకి అడ్డంగా శాశ్వత కట్టడం, ఇన్ని సెక్షన్లు కనిపిస్తున్నాయి. ఆ అమ్మాయి ఎలాగూ బతకలేదు.

అసలు విడ్డూరం ఏంటంటే ఈ సముద్రం వ్యూ అనేది ఒకప్పుడు ఆ తీరంలో ఎవరూ కోరుకున్న వస్తువే కాదు. పదహారో శతాబ్దంలో అక్కడ సముద్రం కనిపిస్తోందంటే సముద్రపు దొంగలకి మీరు కూడా కనిపిస్తున్నారని అర్థం. ఉత్తరాఫ్రికా వైపు నుంచి ఓడల్లో వచ్చి ఊళ్ళు దోచుకుని మనుషుల్ని ఎత్తుకుపోయి బానిసలుగా అమ్మేవాళ్ళు. అందుకే తీరం పొడుగునా కాపలా బురుజులు కట్టి, పగలు పొగ, రాత్రి మంట పెట్టి ఒక బురుజు నుంచి ఇంకోదానికి కబురు పంపేవాళ్ళు. ఆ బురుజులో కూర్చున్న సిపాయికి ఇప్పటి లెక్కలో ప్రీమియం సీ వ్యూ, వాడికి మాత్రం అది డ్యూటీ. రెండో ఫెలిపె రాజుగారైతే ఇంకాస్త ఉత్సాహపడి 1562లో బెర్నియా కొండ మీద, ఆంతోనెల్లి అనే ఇటాలియన్ ఇంజనీర్ని పెట్టి, ఏకంగా కోటే కట్టించాడు, దొంగల మీదా, కొండల్లో ఉన్న మొరిస్కోల (అంటే క్రైస్తవంలోకి మార్చబడ్డ ముస్లింల) మీదా కన్నేసి ఉంచడానికి. యాభై ఏళ్ళు తిరిగేసరికి ఇది ఎవరికీ పనికిరాదు, శత్రువు చేతికి చిక్కితే ఇంకా తలనొప్పి అని 1612లో కూల్చేశారు. సీ వ్యూ ప్రాపర్టీ కొని పశ్చాత్తాపపడ్డ తొలి బాధితుడు స్పెయిన్ కిరీటమే అన్నమాట.

బెర్నియాలో ఇప్పుడు ఆ కోట శిథిలాల చుట్టూ తిరిగొచ్చే దారి ఉంది, తెలుపు పసుపు గీతల గుర్తులు చూసుకుంటూ పోవాలి. మధ్యలో ఫొరాత్ అని కొండని అడ్డంగా చీల్చుకుని పోయే సొరంగం వస్తుంది, దాదాపు ఇరవై మీటర్లు, కొన్నిచోట్ల బ్యాగు విప్పి ముందుకి తోసుకుంటూ నాలుగు కాళ్ళ మీద పాకాల్సిందే. పాకి అవతలకి తల పెడితే ఒక్కసారిగా అల్తెయా అఖాతం మొత్తం. ఒప్పుకుంటాను, బాగానే ఉంటుంది. అంత మంచి ఎంట్రన్స్, ఒక్కొక్కళ్ళే వంగి వచ్చే ఇరుకు, టోల్‌గేట్ పెట్టడానికి ప్రకృతి ఇంతకన్నా ఏం చేసిపెడుతుందండీ? ఒక్క కుర్రాణ్ణి, ఒక రసీదు పుస్తకాన్ని అక్కడ కూర్చోబెట్టే నాథుడు లేడు.

కాల్ప్ ఊరు నాకు కాస్త ఆశ కల్పించింది. అక్కడ పెన్యాల్ దిఫాక్ అని సముద్రంలోకి పొడుచుకొచ్చిన 332 మీటర్ల బండ ఉంది. 1918లో దాని గుండా సొరంగం తవ్వారు, అది దాటాక దారి పక్కన గొలుసులు, కోట్ల చెప్పులు అరగదీసి నున్నగా చేసిన రాళ్ళు, ఒక కాలు జారితే నేరుగా సీ వ్యూలోకే. ఒకప్పుడు ఎవరో వ్యాపార దృష్టి ఉన్నవాళ్ళు దాని ఒంటి మీద హోటల్ కట్టడం మొదలుపెట్టారు కూడా, సగంలో ఆగిపోయింది, చివరికి కూలగొట్టి 1987లో ఆ బండని నేచురల్ పార్క్ చేసేశారు. సరే, ఇప్పుడు పైకి పోవాలంటే ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి, రోజుకి ఇంతమందే అని లిమిట్ ఉంది అని విని నా మనసు ఉప్పొంగింది, హమ్మయ్య మొదలెట్టారు అనుకున్నాను. తీరా చూస్తే బుకింగ్ ఫ్రీ! రద్దీ తగ్గించి పక్షుల గూళ్ళు కాపాడడానికట. మొత్తం ఆ బండ మీద వసూళ్ళు నిజాయితీగా చేస్తున్నది సీగల్స్ ఒక్కటే, పైన మీరు బిస్కెట్ ప్యాకెట్ విప్పారో లేదో వచ్చి తమ వాటా తీసుకెళ్తాయి.

ఇక దేనియా, హావియా అనే ఊళ్ళ మధ్య మోంగో కొండ ఉంది, 753 మీటర్లు, గాలి శుభ్రంగా ఉన్న రోజున అక్కణ్ణుంచి ఇబీజా దీవి కనిపిస్తుంది. ఇది నిజం. కానీ సహారా దుమ్ము గాలిలో తేలే రోజుల్లో కూడా పైకెక్కిన ప్రతివాడూ వేలు చాపి "అదిగో ఇబీజా" అంటాడు, పక్కవాడు ఇంకోవైపు వేలు చాపి "కాదు, అది" అంటాడు, ఇద్దరూ చూపించింది మబ్బునే. కనిపించని దీవికి ఛార్జి వెయ్యటం ఎలా అని అధికారులు బెంగపడక్కర్లేదు. కనిపించిందని వాడే నోటితో ఒప్పుకుంటున్నాడు కాబట్టి ఆ స్టేట్‌మెంట్ మీదే బిల్లు కొట్టెయ్యొచ్చు.

అందుకని నా డిమాండ్ చాలా సింపుల్. ప్రతి శిఖరం మీదా ఒక తెర కట్టండి, సముద్రం వైపు. డబ్బు కట్టినవాడికి పది నిమిషాలు తెర తియ్యండి, ఫోటో దిగితే ఇంకో పది నిమిషాల రేటు. కట్టనివాడు వెనక్కి తిరిగి బాదం తోటలు చూసుకోవచ్చు, అవి జనవరి ఫిబ్రవరుల్లో పూస్తే ఎలాగూ బాగుంటాయి, వాటికి ఇంకా రేటు ఫిక్స్ చెయ్యలేదు. చిన్నపిల్లలకి సగం టికెట్ పర్లేదు. సీనియర్ సిటిజన్లకి రాయితీ ఇద్దామని మాత్రం పొరపాటున కూడా అనకండి, ఎక్కేదే వాళ్ళు, డిపార్ట్‌మెంట్ మొదటి నెల్లోనే మూతపడుతుంది.